గురవమ్మ వేలిముద్ర, నా డిగ్రీ

…కాబట్టి మనుషులంటే భయపడేవాడికి మానవ సేవను మించిన చదువు లేదని తేల్చుకున్నాను. నవ్వకండి! అనుభవంతో చెబుతున్నాను.

నాకు యాభై మూడేళ్లు. మార్కాపురంలో ఒంటరిగా ఉంటాను. ఎవరైనా తలుపు తడితే ముందు ఫ్యాను ఆపుతాను, ఇంట్లో ఎవరూ లేరనుకోవాలని. అలాంటి నేను దూరవిద్యలో 'మానవ సేవలు, సామాజిక న్యాయం' అనే పీజీలో చేరి రెండో సంవత్సరం దాకా వచ్చానంటే ఆ కోర్సు ఎంత గొప్పదో ఆలోచించండి!

మొదటి సెమిస్టర్‌లో జాలి, రెండో దాంట్లో సానుభూతి, మూడో దాంట్లో సహానుభూతి. మూడూ వేరట. ఎదుటివాడు ఏడుస్తుంటే మనలో కదిలింది ఈ మూడిట్లో ఏదో తేల్చుకునేలోపు వాడే కళ్లు తుడుచుకుని వెళ్లిపోతాడు. ఇంతకన్నా సౌకర్యం ఏముంది?

అన్నిటికన్నా పెద్ద వరం ప్రశ్నావళి. వట్టి చేతులతో ఒక మనిషి ముందు కూర్చుంటే మొహం చూడాలి. చేతిలో నలభై రెండు ప్రశ్నలుంటే కాయితం చూస్తే చాలు!

ఫీల్డ్ వర్క్‌కి తర్లుపాడు దారిలో ఒక పల్లె ఇచ్చారు. అక్కడ నాకు దొరికిన 'లబ్ధిదారు' గురవమ్మ. ముప్పై ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో ఆమె రాయిని అరగదీసింది, రాయి ఆమె వేళ్లను అరగదీసింది. బొటనవేలి మీద గీతలు లేవు. రేషన్ మిషన్ ఆమెను గుర్తుపట్టక రెండు నెలలైంది.

పాఠంలో చెప్పినట్టే ప్రతి మాటకూ తల ఊపుతూ విన్నాను.

"ఏంది నాయనా, మెడ పట్టిందా?" అంది గురవమ్మ.

"లేదు పెద్దమ్మా, వింటున్నా. నీకు అందుతున్న న్యాయానికి ఒకటి నుంచి ఐదు లోపల ఎంత వేస్తావు?"

"ఐదు కేజీలే గదా నాయనా ఇచ్చేది. అయ్యి గూడా ఇయ్యట్లా. ఈ నెల గూడా ఏలు పడకపోతే కార్డు ఆపేస్తారంట, డీలరు చెప్పినాడు. ఎల్లుండే ఆఖరు. పోయినేడు ఒక పిల్ల వచ్చి రాసుకోని పోయింది. అంతకు ముందేడు ఇద్దరొచ్చినారు. అందరూ నీ మాదిరే తలకాయ ఊపినారు."

చూశారా! రేషన్ షాపు గుర్తుపట్టని మనిషి మీద నాతో కలిపి నాలుగు పీజీలు నిలబడ్డాయి!

ఈమెకు ఏదైనా చేస్తే బాగుండునన్న బలహీనత నాకూ కలిగింది. దాచను. వెంటనే మా గైడు హేమలత మేడంకి ఫోన్ చేశాను.

"తొందరపడొద్దు సార్. మీరు సాయం చేస్తే సమస్య పోద్ది. సమస్య పోతే డేటా పాడైపోద్ది. వైవా అయ్యేదాకా ఆగండి."

"వైవా ఎప్పుడు మేడం?"

"మార్చిలో."

అది నవంబరు. ఎంత ఊరట కలిగిందో చెప్పలేను! నా పిరికితనానికి ఇన్నేళ్లకు ఒక శాస్త్రీయమైన పేరు దొరికింది: పద్ధతి.

ఇక చివరి పని. సేవ అందినట్టు రికార్డులో లబ్ధిదారు వేలిముద్ర వేయించాలి. ఇంకు ప్యాడ్ తెరిచాను. అలవాటైన పనిలా గురవమ్మ బొటనవేలు అద్ది, నొక్కింది. ఒక్క గీత లేదు. పలక ముక్కలాంటి నున్నటి నీలి మచ్చ.

దాన్ని యూనివర్సిటీ నమ్ముతుంది. ఇంతకు ముందు మూడుసార్లు నమ్మింది కూడా. మళ్లీ వేయమనదు, గీతలేవని అడగదు. సేవ జరిగిందని చెప్పడానికి ఆ వేలు చెల్లుతుంది. బియ్యం తీసుకోవడానికే చెల్లదు!

"అయిపోయిందా నాయనా?" అంటూ సిరా కొంగుకు తుడుచుకుని లేచింది.

ఇంకా ఒకటి మిగిలింది. నలభై రెండో ప్రశ్న: 'ఇతర వ్యాఖ్యలు.' దాన్ని ఎలా అడగాలో తెలియక తలెత్తాను. ఆమె మొహం చూడటం అదే మొదటిసారి. కుడికంటి కింద పుట్టుమచ్చ ఉంది. కళ్లు మాత్రం అరగలేదు.

వేలు పడనివాళ్లను కంటిపాపతో గుర్తించమని అర్జీ పెట్టుకోవచ్చట. రెండో సెమిస్టర్ పుస్తకంలో ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసుకున్నది నేనే. పరీక్షలో రాశాను. మార్కులు కూడా వచ్చాయి.

"కూచో పెద్దమ్మా," అన్నాను.

వేలిముద్ర పడిన పేజీని రికార్డులోంచి చించాను. వెనకవైపు తెల్లగా ఉంది. 'తహసీల్దారు గారికి' అని మొదలుపెట్టాను.