కాఫీ మెషిను ఫైలు

ఇంట్లోకి ఒక వస్తువు కొనడానికి అవసరం, డబ్బు ఉంటే చాలుననుకోవడం మానవజాతి ఇంతవరకు చేసిన పొరపాట్లన్నిటిలోకీ పెద్దది. ముందు ఫైలు ఉండాలి. ఈ సత్యం రెండో అంతస్తు ఫ్లాటులో ఉండే సూపరింటెండెంటు గారికి తెలిసినంతగా ఆ భవనంలో మరెవరికీ తెలియదు. ఆయన ఒక పెద్ద ఆఫీసు కొనుగోళ్ల విభాగంలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి, అన్నేళ్లలో తొందరపడి ఒక్క గుండుసూది కూడా కొననివ్వలేదు. (రిటైరైన రోజు ఆయనకు బహూకరించవలసిన గోడ గడియారం కొనుగోలు ఇంకా పరిశీలనలో ఉంది.)

రిటైరయ్యాక ఆఫీసు ఆయనను వదిలేసింది గాని, ఆయన ఆఫీసును వదల్లేదు. భోజనాల బల్ల ఒక చివర రెండు ట్రేలు వెలిశాయి. ఒకటి వచ్చే కాగితాలకు, రెండోది పోయే కాగితాలకు. కరెంటు బిల్లు మొదటి దాంట్లో పడితే గడువు తేదీకి సరిగ్గా ఒకరోజు ముందు రెండో దాంట్లో తేలేది. ఆయన భార్య ఈ ట్రేలను రోజూ తుడిచేది, అంతకు మించి పట్టించుకునేది కాదు.

ఇలా ఉండగా ఆవిడ కుడి మణికట్టు వాచింది. డాక్టరు దానికో బెల్టు బిగించి, "ఈ చేత్తో తిప్పే పనులేవీ పెట్టుకోకండమ్మా" అన్నాడు. ఆ ఇంట్లో తిప్పే పని ఒక్కటే. సూపరింటెండెంటు గారు కొట్లో ఆడించిన కాఫీ పొడి తాగరు. గింజలు ఇంట్లో చేతిమరలో అప్పటికప్పుడు తిప్పాలి. రోజుకు తొమ్మిది కప్పులు, ముప్ఫై ఒక్క ఏళ్లు. ఆ మర ఎన్ని చుట్లు తిరిగి ఉంటుందో ఎవరూ లెక్క కట్టలేదు.

"నాన్నా, పాడ్ మెషిను కొనేద్దాం" అంది కూతురు. ఇంట్లోనే కూర్చుని ఫోన్లో ఉద్యోగం చేసే పిల్ల, అడిగిన వెంటనే ఏదైనా వస్తుందనుకునే తరం. "బొటనవేలంత డబ్బాలో పొడి ఉంటుంది. లోపల పెట్టి బటన్ నొక్కితే ఒక కప్పు కాఫీ వచ్చేస్తుంది. అంతే."

"అంతేనా?" అన్నారాయన. 'అంతే' అన్న మాట ఎక్కడ విన్నా ఆయనకు అనుమానం.

"కొనండి, చెయ్యి లాగేస్తోంది" అంది భార్య. ఆవిడ పెట్టుకున్న దరఖాస్తు మొత్తం ఇంతే, అది కూడా నోటిమాటగా.

"కొందాం. తప్పకుండా కొందాం. పద్ధతి ప్రకారం కొందాం" అన్నారు సూపరింటెండెంటు గారు. ఆయన కింద పనిచేసినవాళ్లెవరైనా అక్కడ ఉంటే, మూడో మాట మొదటి రెండు మాటలనూ రద్దు చేస్తుందని ఆవిడకు చెప్పి ఉండేవారు.

ఆ ఆదివారమే కాఫీ యంత్ర కొనుగోలు పరిశీలన సంఘం ఏర్పడింది. అధ్యక్షులు ఆయనే, కార్యదర్శీ ఆయనే. యువతరం ప్రతినిధి కూతురు. సాంకేతిక నిపుణుడు బావమరిది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు కాబట్టి బటన్ ఉన్న ప్రతిదీ తన శాఖ కిందకే వస్తుందని అతని నమ్మకం. నిబంధనలు రెండే రాశారు. ఒకటి, ప్రతి నిర్ణయం కాగితం మీద ఉండాలి. రెండు, ఇంట్లో కాఫీ కలిపే మనిషికి ఈ వ్యవహారంలో స్వప్రయోజనం ఉంటుంది కనుక సంఘంలో కూర్చోవడానికి అనర్హులు. (సమావేశాలకు కాఫీ అందించడానికి మాత్రం అభ్యంతరం లేదు.)

మొదటి సమావేశం 'ఒక కప్పు' అంటే ఎంత అన్న దానిమీద రెండు గంటలు నడిచింది. బావమరిది కప్పు పెద్దది, కూతురిది మరీ పెద్దది, ఆయనది చిన్నదే గాని రెండుసార్లు నింపాలి. మూడు విడతల కాఫీ తాగాక విషయం తేలక వాయిదా పడింది. రెండో సమావేశంలో వాడేసిన డబ్బాలు ఎక్కడ పారెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. చెత్తబుట్ట పరిశీలనకు ఉపసంఘం వేశారు. బావమరిది వెళ్లి బుట్ట మూత ఎత్తి, లోపలికి చూసి, "చోటుంది బావా" అని నివేదిక సమర్పించాడు. అది మౌఖికం కాబట్టి తిరస్కరించారు. మళ్లీ వెళ్లి చూసొచ్చి రాసిచ్చాడు. ఆ సందర్భంగా మరో విడత కాఫీ.

వంటింట్లోంచి మర చప్పుడు వస్తూనే ఉంది. ఆవిడ ఎడం చేత్తో తిప్పుతోంది కాబట్టి ఆ చప్పుడు కొంచెం కుంటుతోంది.

మూడో సమావేశం మెషిన్లు అమ్మే కొట్లోనే పెట్టారు. కాఫీ మెషిను నడిపించి చూపించే అమ్మాయి నవ్వుతూ అడిగింది. "సార్, మీకు స్ట్రాంగా, మైల్డా? చక్కెర ఎంత?"

సూపరింటెండెంటు గారిని ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు. వెంట వచ్చిన భార్య వైపు చూశారు.

"స్ట్రాంగ్" అంది ఆవిడ. "చక్కెర ఒక చెంచా వేస్తే చాలదంటారు. ఒకటిన్నర వెయ్యాలి."

ఆ తర్వాత ఆవిడ బెల్టు చేతి చూపుడు వేలితో బటన్ నొక్కింది. మెషిను బుర్రుమంది, కప్పు నిండింది. ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా విప్పారింది. "అయిపోయిందా?" అని రెండుసార్లు అడిగింది.

అది చూసి సూపరింటెండెంటు గారికి సంతోషం వెయ్యలేదు. ఎందుకంటే, ఫైలులో ఎక్కడా రాయని సంగతి ఒకటుంది. రోజూ పొద్దున్నే ఆవిడ మర తిప్పుతుంటే ఆయన వంటింట్లో చిన్న పీట మీద కూర్చుని పేపర్లో వార్తలు పైకి చదివేవారు. ఆవిడ మర ఆపకుండానే ఒక్కో వార్తకూ ఒక్కో చురక అంటించేది. ఆ పావుగంట తప్ప మిగతా రోజంతా వాళ్లిద్దరి మధ్యా నడిచేది మందులు, తాళాలు, గ్యాసు బండ గురించిన మాటలే. బటన్ నొక్కగానే కాఫీ వచ్చేస్తే, ఆ పీట మీద కూర్చోవడానికి ఆయనకు ఏ కారణం మిగులుతుంది? ఆయనకు భయం వేసింది. నాకు భయంగా ఉందని భార్యకు చెప్పుకోవడానికి నిర్ణీత నమూనా ఏదీ లేకపోవడంతో, ఇంటికొచ్చి నమూనా ఏడు బయటికి తీశారు.

నమూనా ఏడు ఆయన ఆఫీసులో పేరుమోసిన కాగితం. పాత పరికరం పనికిరాదని ధ్రువీకరిస్తే తప్ప కొత్త పరికరం కొనకూడదని దాని సారాంశం. ఎంతోమంది ఆశలు దాని దగ్గరే కొండెక్కాయి.

"పాత పరికరం అంటే ఏది బావా? మరేగా?" అన్నాడు బావమరిది.

సూపరింటెండెంటు గారు ఆలోచించారు. మర గింజలు నలుపుతుంది, అంతే. కొత్త యంత్రం నీళ్లు కాస్తుంది, కలుపుతుంది, కప్పులో పోసి ఇస్తుంది. మరి ప్రస్తుతం ఈ పనులన్నీ చేస్తున్నది ఏది? ఫైలులో అబద్ధం రాయడం ఆయన వల్ల కాదు. గుండ్రని అక్షరాలతో ఉన్నదున్నట్టు నింపారు.

మర్నాడు కాఫీ కప్పు బల్ల మీద పెట్టబోతూ ఆవిడ ఆ కాగితం చూసింది. కళ్లజోడు తెచ్చుకుని మొదటినుంచి చదివింది.

'పాత పరికరం: ఒకటి. వాడకంలో ఉన్న కాలం: ముప్ఫై ఒక్క ఏళ్లు. సామర్థ్యం: రోజుకు తొమ్మిది కప్పులు, చుట్టాలొస్తే పరిమితి లేదు. లోపాలు: కుడి మణికట్టు. శబ్దం: అప్పుడప్పుడు. స్థితి: నడుస్తోంది. సిఫారసు: ప్రస్తుత పరికరం పనిచేస్తున్నందున కొత్తది కొనవలసిన అవసరం లేదు.'

"ఈ పరికరం ఎవరండీ?" అంది.

"అది… ఆఫీసు భాష. అలాగే రాయాలి" అన్నారాయన నీళ్లు నములుతూ.

"శబ్దం అప్పుడప్పుడా?"

"తగ్గించే రాశాను."

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేదని ఆయనకు తర్వాత అనిపించింది. ఆయన జేబులోంచి పెన్ను తీసుకుని, 'నడుస్తోంది' అన్న మాట కొట్టేసి, ఎడం చేత్తో వంకరటింకరగా 'ఇక నడవదు' అని రాసింది. దిద్దుబాటు పక్కన పొడి సంతకం లేకపోతే చెల్లదని ఆయన అలవాటు కొద్దీ అన్నారు. పెట్టింది. తర్వాత చేతిమర తెచ్చి, వచ్చే కాగితాల ట్రేలో పెట్టి, వెళ్లిపోయింది.

దాంతో ఫైలు సంపూర్ణమైంది. పాత పరికరం పనికిరాదని స్వయంగా పరికరమే ధ్రువీకరించింది. ఇక కొట్ల నుంచి ధరల పట్టికలు తెప్పించాలి, పోల్చాలి, సంఘం ఆమోదించాలి. అందాకా తాత్కాలిక ఏర్పాటు ఒకటి కావాలి. కూతురికి ఉద్యోగం ఉంది. బావమరిది ఆదివారాలే వస్తాడు. ట్రేలోకి వచ్చిన దేనికైనా ఆ ట్రే యజమానే బాధ్యుడని ఆయనే ఎప్పుడో రాసి గోడకు అంటించి పెట్టారు.

మొదటి రోజు గింజలు వంటిల్లంతా చిందాయి. రెండో రోజు పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మూడో రోజుకు కాఫీలాంటిది వచ్చింది. ఆయన కప్పు అందిస్తూ అడిగారు. "నీకు చక్కెర ఎంత?"

"నేను వేసుకోను."

"ఎప్పట్నుంచి?"

"పదేళ్ల నుంచి."

ఆయన చక్కెర చెంచాను తిరిగి డబ్బాలో పెట్టేశారు. సిగ్గేసింది. అంత సిగ్గు ఆయనకు ఏ ఆడిట్లోనూ వెయ్యలేదు.

అయితే ఆశ్చర్యకరమైన సంగతి ఇంకొకటి జరిగింది. నాలుగో రోజు పొద్దున్నే ఆవిడ పేపరు పట్టుకుని వచ్చి ఆ పీట మీద కూర్చుంది. వార్తలు పైకి చదవడం మొదలుపెట్టింది. ఆయనలా మొదటి పేజీ నుంచి కాదు, చివరి పేజీ నుంచి. ఆయన మర తిప్పుతూ ఒకటి రెండు చురకలు ప్రయత్నించారు. "ఫర్వాలేదు, నేర్చుకుంటున్నారు" అంది. పావుగంట ఎక్కడికీ పోలేదని, మర మాత్రమే చేతులు మారిందని ఆయనకు అర్థమై, ప్రాణం కుదుటపడింది.

కుదుటపడనిది ఆయన మణికట్టు. నెల తిరిగేసరికి ఆవిడ బెల్టు ఊడింది. అదే బెల్టు ఆయన బిగించుకున్నారు. ధరల పట్టికలు కూడా అప్పటికి చేరాయి. సంఘం ఆఖరి సమావేశానికి కూర్చోబోతుంటే కూతురు గొంతు సవరించుకుంది.

"నాన్నా, రెండో నిబంధన. ఇంట్లో కాఫీ కలిపే మనిషి సంఘంలో కూర్చోవడానికి అనర్హులు."

ఆయన ఆ కాగితం తీసుకుని చూశారు. చేతిరాత తనదే. లేచి నిలబడ్డారు. ఖాళీ అయిన కుర్చీలో భార్య కూర్చుంది. బావమరిది "అక్కా, అధ్యక్షులవారూ" అని ఒక నమస్కారం పెట్టి, కాఫీ ఎప్పుడొస్తుందని అడిగాడు.

సూపరింటెండెంటు గారు అందరికీ కాఫీ తెచ్చిచ్చి, బల్ల పక్కన నిలబడి, "మెషిను కొనేద్దామే, చెయ్యి లాగేస్తోంది" అన్నారు.

"కొందాం. తప్పకుండా కొందాం. పద్ధతి ప్రకారం కొందాం" అంది ఆవిడ. ఒక గుక్క తాగి, కప్పు పక్కన పెట్టి, కొత్త నమూనా ఏడు ముందుకు లాక్కుని కుడి చేత్తో చక్కగా నింపింది.

'పాత పరికరం: ఒకటి. వాడకంలో ఉన్న కాలం: నెల. లోపాలు: కుడి మణికట్టు. శబ్దం: ఎడతెరిపి లేదు. స్థితి: నడుస్తోంది. సిఫారసు: ప్రస్తుత పరికరం పనిచేస్తున్నందున కొత్తది కొనవలసిన అవసరం లేదు.'

సూపరింటెండెంటు గారు దాన్ని రెండుసార్లు చదివారు. ఒక్క కొట్టివేత లేదు, సంతకం, తేదీ ఉండవలసిన చోట ఉన్నాయి. ముప్ఫై నాలుగేళ్లలో ఇంత నిర్దుష్టమైన ఫైలు తాను కూడా రాయలేదని మనస్ఫూర్తిగా ఒప్పుకుని, సంఘానికి రెండో విడత కాఫీ తేవడానికి వంటింట్లోకి వెళ్లారు.