ఏడిళ్ళ పెరుగు

ఆదివారం ఉదయం ఏడు గంటలకు వెంకటప్పయ్య తడి తువ్వాలును మంచం మీద పడేసి, తలుపు వారగా నిలబడి తిట్ల కోసం ఎదురుచూశాడు. హైమ వచ్చింది. తువ్వాలును చూసింది. పెదవులు ఒకసారి కదిలాయి. అంతే. దాన్ని తీసి దండెం మీద ఆరేసి, "తోటకెళ్ళొస్తా" అని వెళ్ళిపోయింది.

ఇలా జరగడం ఇది ఇరవై ఒకటో రోజు.

పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆ ఇంట్లో కోడి కంటే ముందు హైమ గొంతు లేచేది. గేటు గడియ, తడి తువ్వాలు, పళ్ళెం అంచున ఏరిపెట్టిన కరివేపాకు, దేన్నీ వదిలేది కాదు. గ్యాసు పట్టేసిందని వెంకటప్పయ్య ఆమెను తోడు తీసుకుని ఖమ్మంలో డాక్టరుకు చూపించుకొచ్చాడు. ఆ మర్నాటి నుంచి ఆ గొంతు ఆగిపోయింది. మొదటి వారం అతను దేవుడికి కొబ్బరికాయ కొట్టాడు. రెండో వారం అనుమానపడ్డాడు. మూడో వారానికి భయం పట్టుకుని అన్నం సయించడం మానేసింది.

అప్పుడే ఫోనులో ఒక వీడియో దొరికింది. మనసులో దిగులుకూ పేగుల్లో ఉండే బ్యాక్టీరియాకూ సంబంధం ఉందట. పెరుగు మంచిదట. పొట్టలో ఎన్ని రకాల బ్యాక్టీరియా ఉంటే అంత మేలట. వెంకటప్పయ్యకు విషయం అక్కడే అర్థమైపోయింది. కాపురానికి వచ్చినప్పుడు అత్తగారిచ్చిన తోడుతోనే హైమ ఇప్పటికీ పెరుగు తోడేస్తోంది. ఏ రోజు పెరుగులో చెంచాడు ఆ మర్నాటి పాలకి. అంటే ముప్పై ఏళ్ళుగా మేనరికం మీద మేనరికం జరిగి ఆ బ్యాక్టీరియా నీరసించిపోయి ఉంటుంది. బయటి సంబంధం కలపాలి.

హైమ పదింటికి గానీ తోట నుంచి రాదు. ఆలోగా ఏడిళ్ళ తోడు తెచ్చి ఒక గిన్నెలో కలపాలి. కారణం మాత్రం ఎవరికీ చెప్పకూడదు. తమ ఊరు ములకలపల్లిలో పొద్దున డిప్రెషన్ అంటే సాయంత్రానికి పిచ్చి అవుతుంది. వంటింట్లో చేతికందిన గిన్నె పట్టుకుని బయల్దేరాడు.

ఊళ్ళో తోడు అడగడం ఆడవాళ్ళ పని అన్న సంగతి అతనికి తట్టలేదు. మగవాడు గిన్నెతో గుమ్మంలోకి వచ్చాడంటే, ఆ ఇంట్లో ఆడదిక్కు లేదని లెక్క.

పక్కింటి టీచరు మనోజ్ఞ గిన్నెనూ మనిషినీ మార్చి మార్చి చూసింది.

"పిన్ని లేదా బాబాయ్?"

"ఉంది."

"మరి మీరొచ్చారేంటి? ఇంట్లో పెరుగు తోడుకోలేదా?"

"తోడుకుందమ్మా. అది వద్దు. పిన్నికి మాత్రం చెప్పకు."

ఇంట్లో పెరుగుండగా పెళ్ళాం చేతి పెరుగు వద్దనుకున్నాడంటే విషయం చాలా దూరం వెళ్ళిందని మనోజ్ఞ గ్రహించింది. రెండు చెంచాలు వేసి, అతను మెట్లు దిగేలోపే ఫోను తీసింది.

మూడో ఇంట్లో పెరుగుతో పాటు దోసకాయ పప్పు కూడా ఇచ్చారు. నాలుగో ఇంట్లో గుత్తి వంకాయ పెట్టి, "కోపంలో పోయినవాళ్ళు వాళ్ళే వస్తారన్నయ్యా, వేళకి తినండి" అన్నారు. అయిదో ఇంటి ముసలాయన తలుపు దగ్గరగా వేసి, "ఏమన్నా చెయ్ గానీ కోర్టుకు మాత్రం పోకు. మావోడు పోయి ఎనిమిదేండ్లాయె, ఇంకా తిరుగుతనే ఉన్నడు" అన్నాడు. వెంకటప్పయ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ కారణం చెప్పకూడదు కనుక అన్నిటికీ తలూపాడు. అతను తలూపినదల్లా ఊళ్ళో నిజమైపోయింది.

ఏడో ఇల్లు ఊరవతల లంబాడీ తండాలో జమ్లిది. ఆమె ఆవులు అడవిలో మేస్తాయి. ఆ పెరుగులో అడవంత రకాలుంటాయని అతని నమ్మకం.

"ఏంది పటేలా, నువ్వొచ్చినవ్? అమ్మకు పాణం బాగ లేదా?"

"ఎందుకట్లా అడిగావ్?"

"ఏం లే. రోజు పొద్దుగాల మీ తోటల చెట్లను తిడ్తున్నది."

"చెట్లనా!"

"అవ్, పామాయిల్ చెట్లను. నిన్నయితే ఒక చెట్టు ముంగట నిలవడి, తడి తువ్వాల మంచం మీద ఎవడన్న ఏస్తడా అని అడిగింది. గా చెట్టేం చెప్తది పటేలా?"

వెంకటప్పయ్య గబగబా తోడు వేయించుకుని బయల్దేరాడు. వీడియోలో చెట్ల దాకా చెప్పలేదు.

బండి మీద ఇంటికి వచ్చేసరికి గేటు ముందు కారు ఉంది. హైమ అన్న వెంకటనారాయణ, ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వేంసూరు నుంచి దిగాడు. మనోజ్ఞ చేసిన ఫోను ఫలితం.

"మా చెల్లేది బావా?"

"తోటలో..."

"తోటలో ఏంటి?"

"తప్పంతా నాదే బావా. ముందే కనిపెట్టాల్సింది. ఇప్పుడు చెయ్యి దాటిపోయింది." వెంకటప్పయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

వెంకటనారాయణ చెల్లెలికి ఫోను చేశాడు. అది ఇంట్లో ఫ్రిజ్ మీద మోగింది. అందరూ తోట దారి పట్టారు. ముందు కారు, వెనక బండ్లు, ఆ వెనక పరుగున మనోజ్ఞ, ఆమెతో పాటు కూరలిచ్చిన ఆడవాళ్ళు. వాళ్ళకు హైమ మీద బెంగతో పాటు కూర గిన్నెల మీద బెంగ కూడా ఉంది.

తోటలో అడుగుపెట్టగానే చెట్ల వరసల మధ్య నుంచి గొంతు వినిపించింది.

"గేటు గడియ పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలండీ? గడియ పెట్టడానికి డిగ్రీ కావాలా?"

చెట్టు మాట్లాడకుండా వింటోంది. ముప్పై ఏళ్ళు వెంకటప్పయ్య కూడా అలాగే విన్నాడు.

చెల్లెలు నిక్షేపంగా నిలబడి ఉండటం చూసి వెంకటనారాయణ గట్టు మీద కూలబడ్డాడు. వెంకటప్పయ్య ఒక్కడే, బెదిరిన బర్రె దగ్గరికి వెళ్ళినట్టు, మెల్లగా ముందుకు నడిచాడు.

"హైమా, భయపడకు. ఈ పెరుగు ఒక్క చెంచా తిను. ఏడిళ్ళది. మంచి బ్యాక్టీరియా. నీ డిప్రెషన్ పోతుంది."

"నాకా? డిప్రెషన్ మీకండీ!"

"నాకా?"

"ఆ రోజు డాక్టరు మిమ్మల్ని, ఇంట్లో సంతోషంగా ఉంటున్నారా అని అడిగితే ఏం చేశారు?"

వెంకటప్పయ్య గుర్తు తెచ్చుకున్నాడు. జాగ్రత్త గల మనిషి కనుక, జవాబు చెప్పేముందు హైమ వైపు చూశాడు.

"ఆ చూపు చూసి ఆయన నన్ను పక్కకు పిలిచాడు. ఈయన మనసు బాగాలేదమ్మా, నెల రోజులు ఒక్క మాట అనొద్దన్నాడు. మీకేమవుతుందోనని నోరు కుట్టుకుని బతుకుతున్నా. లోపల ఆగక ఈ చెట్లకు చెప్పుకుంటున్నా. ఇంకా తొమ్మిది రోజులు..." అని ఆగి, ఆమె గిన్నె వైపు చూసింది. "ఏమన్నారు? ఏడిళ్ళా?"

వెంకటప్పయ్య తలూపాడు.

డాక్టరు పెట్టిన గడువు అక్కడితో తీరిపోయింది.

"రెండు బర్రెల్ని కట్టేసుకుని ఏడిళ్ళు అడుక్కొచ్చారా? మా అత్తయ్య తోడును ముప్పై ఏళ్ళు పసిపిల్లలా సాకితే మీకది పనికిరాలేదా? అదీ కుక్కకు పెట్టే గిన్నెలోనా!"

మనోజ్ఞ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హైమ ఆగలేదు. గడియ, తువ్వాలు, కరివేపాకు, ఇరవై ఒక్క రోజులవీ వరసగా, ఒక్కటీ విడవకుండా అందుకుంది. వెంకటప్పయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మూడు వారాలుగా గుండె మీద కూర్చున్నదేదో దిగిపోయింది. పొట్టలో గ్యాసు కూడా కదిలినట్టనిపించింది.

"చూశావా బావా," అన్నాడు వెంకటనారాయణ దగ్గరికొచ్చి అతని చెవిలో, "పూర్తిగా కోలుకుంది."

మరుసటి వారం ఇద్దరూ ఖమ్మం వెళ్ళారు. డాక్టర్ అనిల్‌కుమార్ అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పొట్టకూ మనసుకూ సంబంధం ఉన్న మాట నిజమేననీ, పరిశోధనలు ఇంకా నడుస్తున్నాయనీ, అయితే ఏడిళ్ళ పెరుగు అని ఎవరూ ఎక్కడా రాయలేదనీ చెప్పాడు. చివరికి మళ్ళీ అదే ప్రశ్న వేశాడు. "ఇంట్లో సంతోషంగా ఉంటున్నారా?"

ఈసారి వెంకటప్పయ్య హైమ వైపు చూడకుండానే "చాలా సంతోషంగా ఉన్నాను సార్" అన్నాడు.

చూడొద్దని హైమ బస్సులోనే చెప్పింది.