ప్రభువు గారి మీద వాకబు

ఆ సోమవారం పొద్దున కోటిరత్నం రెండు పనులు పెట్టుకుంది. బేరాలు మొదలయ్యేలోగా ఫోనులో బొమ్మల కథ ఎనభై రెండో భాగం చదివేయడం ఒకటి. ప్రత్తిపాడు పిచ్చయ్య తెచ్చే మిరపకాయలు దింపించుకోవడం రెండోది. ఆమె గుంటూరు మిర్చి యార్డులో పాతికేళ్ళుగా కమీషన్ కొట్టు నడుపుతున్న మనిషి. ఆర్నెల్ల కిందట కోడలు భవ్య ఈ కథ అలవాటు చేసింది. మంచుదేశపు ప్రభువు, అతన్ని కట్టుకున్న అమ్మాయి, మాంత్రికులు, రెక్కల గుర్రాలు. రెక్కల గుర్రాలను కోటిరత్నం సులువుగానే నమ్మింది. ఆ ప్రభువును అమ్మాయి ఎందుకు భరిస్తోందో మాత్రం ఎటు నుంచి లెక్కేసినా ఆమెకు గిట్టుబాటు కాలేదు.

సరిగ్గా ప్రభువు మోకాళ్ళ మీద కూలబడిన చోట కొట్టు ఫోను మోగింది. కోటిరత్నం స్పీకరు నొక్కింది.

"అమ్మా, పెదకాకాని నుంచి కరుణాకర్ మాస్టార్నండి. మీ రైతు పిచ్చయ్య గారబ్బాయి జయపాల్‌ని మా అమ్మాయి ఆరాధనకి అనుకుంటున్నాం. ఆదివారం చర్చిలో పెళ్ళి ప్రకటన. కుర్రాడు ఎలాంటివాడో మీ నోట ఒక్క మాట వింటే..."

యార్డు కొట్లకు ఇలాంటి వాకబులు కొత్త కాదు. ఏటా పంట తెచ్చే రైతు ఇంటి సంగతి కమీషన్ వ్యాపారికి తెలియకుండా ఉండదని చుట్టుపక్కల ఊళ్ళ నమ్మకం. కోటిరత్నం సరేనంటే కళ్ళు మూసుకుని పిల్లనిచ్చినవాళ్ళున్నారు. జయపాల్ బుద్ధిమంతుడని చెప్పడానికి ఆమెకు అర నిమిషం చాలు. కానీ కథలో ఇంకా ఒక్క బొమ్మ మిగిలింది.

"లైన్లో ఉండండి మాస్టారూ," అని కొట్టు ఫోను బల్ల మీద పెట్టి, ఆ బొమ్మ కాస్తా చూసేసింది.

కంప్యూటరు దగ్గర నుంచి భవ్య ఇటు తిరిగింది. "అయిపోయిందా అత్తయ్యా? ఎట్టా ఉన్నాడు?"

"ఎట్టా ఉంటాడు? పైపైన ఎర్రగా నిగనిగలు, బస్తా అడుక్కి చెయ్యి పెడితే అంతా తాలుకాయ! కట్టుకున్నదాంతో మూడేళ్ళు మాట్లాళ్ళేదు. మేడగదిలో పెట్టి తాళం వేశాడు. ఇప్పుడొచ్చి రెండు కన్నీటి బొట్లు కారిస్తే సరిపోద్దా? అట్టాంటోడికి పిల్లనిచ్చినోళ్ళని అనాలి ముందు!"

కసి తీరాక ఫోను అందుకుంటే అవతల ఎవరూ లేరు. సిగ్నల్ పోయిందనుకుంది.

గంటలో పిచ్చయ్య ఊడిపడ్డాడు. వెనకాల మిరపకాయల లారీ, దాని పక్కన కొడుకు జయపాల్.

"నా కొడుక్కి మొదటి పెళ్ళి ఎప్పుడు చేశావమ్మా? మాస్టారు ఫోను చేశాడు, మేడగదంట! మాది రేకుల ఇల్లు! మేడెక్కడిది?"

కోటిరత్నానికి సంగతి అర్థమైంది. నిజం చెప్పేయవచ్చు. కానీ యాభై ఎనిమిదేళ్ళ మనిషి బొమ్మల కథలు చదువుతోందని తెలిస్తే ఎదురు కొట్టు బుల్లయ్య యార్డంతా చాటింపు వేస్తాడు. అందుకని మాస్టారికి ఫోను కలిపి, స్పీకరులో పెట్టి, చవగ్గా అయిపోయే దారి ఎంచుకుంది.

"నేనన్నది మన జయపాల్‌ని కాదు మాస్టారూ. ఉత్తరాదిన వేరే మనిషి."

మాస్టారు ఇంకో లెక్క వేశాడు. "దాచకండమ్మా, జయపాల్ మూడేళ్ళు నాగపూర్‌లో ఉన్నాడుగా! అయితే ఆ కాపురం అక్కడ పెట్టాడా? ఉండండి, ప్రకటన ఆపమని పాస్టరు గారికి చెప్తాను."

"ఒరేయ్ జయపాలూ!" పిచ్చయ్య గొంతు యార్డు గేటు దాకా వినిపించింది. "బస్తాలు దించమాక! బుల్లయ్య గారి కొట్టుకి తిప్పు బండి!"

పదిహేనేళ్ళుగా మరో గడప తొక్కని రైతు. కోటిరత్నం ఇక బేరమాడలేదు. "ఆగు పిచ్చయ్యా! ఆగండి మాస్టారూ! నేను తిట్టింది వీణ్ణి!" అంటూ బొమ్మల ఫోను పిచ్చయ్య ముక్కు ముందు పెట్టింది.

పిచ్చయ్య కళ్ళు చికిలించి చూశాడు. "ఈ వయసుకే జుట్టంతా నెరిసిందేందమ్మా వీడికి?"

"మంచుదేశపు ప్రభువు గదా. కథలో మనిషి."

"బొమ్మనా అంతలేసి మాటలన్నావు?"

"బొమ్మయితే? మూడేళ్ళు పెళ్ళాంతో మాట్లాడకపోతే ఊరుకోవాలా?"

ఫోనులోంచి ఆడపిల్ల నవ్వు వినిపించింది. "నాన్నా, నిజమే. ఆ కథ నేనూ చదువుతున్నా. ఎనభై రెండో భాగం. ఆంటీ అన్నవాటిలో ఒక్క మాట కూడా ఎక్కువ కాదు." ఆరాధన గొంతు అది. మాస్టారు క్షమాపణ చెప్పుకున్నాడు. పిచ్చయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. బుల్లయ్య తన కొట్టు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు గానీ, కోటిరత్నం ఆ నష్టం భరించడానికి సిద్ధపడింది.

"జయపాల్ గారున్నారా అక్కడ?" ఆరాధన అడిగింది. "మీకూ చూపించారా? ఏమనిపించింది?"

అప్పటికే జయపాల్ ఫోను చేతిలోకి తీసుకుని బొమ్మలు శ్రద్ధగా చూస్తున్నాడు. "పాపం అండి. మనసులో ప్రేమ ఉంది, చెప్పడం రాలేదంతే. ఆ అమ్మాయే కొంచెం సర్దుకుపోవాల్సింది."

భవ్య తల పట్టుకుంది. కోటిరత్నం కళ్ళు మూసుకుంది.

"నాన్నా, పాస్టరు గారికి ఫోను చెయ్యి," అంది ఆరాధన. "ప్రకటన వద్దని."

లైను తెగింది. పిచ్చయ్య కొడుకు వంక చూశాడు. "ఒరేయ్, ఆ నెరిసిన జుట్టోడు నీకేమవుతాడ్రా, వాణ్ణి వెనకేసుకొచ్చావు?"

సంబంధం పోయింది గానీ, పోగొట్టింది కోటిరత్నం కాదని అందరి ఎదుటా తేలిపోయింది గనుక, మిరపకాయలు మాత్రం ఆమె కొట్లోనే దిగాయి.