అరువు తెచ్చిన ముఖం

ఉదయం టీ చల్లారేలోపు వీడియో అందరికీ పంపేసి, మధ్యాహ్నానికి అత్తమామల సామాను వ్యానెక్కించాలని ఎడిటర్ అనుకున్నాడు. మామగారు రిటైరై, ఆఫీసు క్వార్టరు ఖాళీ చేసి, వారం రోజులుగా చిన్నల్లుడైన ఇతని ఇంట్లోనే ఉంటున్నారు. ఉన్నవి రెండు గదులు. ఒకటి భార్యాభర్తలది, రెండోది కంప్యూటర్‌ది. ఈ వారం ఆ రెండోదానిలో అత్తమామలు, వంటింటి గట్టు మీద కంప్యూటర్. పెద్దల్లుడు తన మేడమీది వాటా ఇస్తానన్నాడు. ఆ మాట నిలబడితే ఎడిటర్‌కు తన గది దక్కుతుంది.

వీడియో మామగారి వీడ్కోలు సభది. పెద్దల్లుడు మాట్లాడుతుండగా ఒకచోట కెమెరా వణికింది. కెమెరా పట్టుకున్నదీ ఎడిటరే కాబట్టి తిట్టడానికి వేరే మనిషి దొరకలేదు. అలాంటి చోట వింటున్నవాళ్ల ముఖం ఒకటి తెచ్చి అతికించడం ఆ వృత్తిలో రోజూ చేసే పనే. భోజనం ముగించిన మామగారు పంటి సందులో ఇరుక్కున్నదాన్ని నాలుకతో వెతుక్కుంటున్న షాట్ కొలత పెట్టినట్టు సరిపోయింది.

వీడియో పంపిన కాసేపటికే పెద్దల్లుడు ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, మామయ్యగారు నాకు నాన్నతో సమానం అన్నాను. అవునా?"

"అవునన్నయ్యా."

"అనగానే ఆయన మూతి అలా పెట్టారేం?"

"అది మీ మాటకి కాదు. భోజనాల దగ్గర తీసింది."

"మరి నా మాట పక్కన ఎందుకుంది?"

"నేనే పెట్టాను. కెమెరా వణికింది."

"కెమెరా వణికితే ఆయన మూతి విరిచారా?"

చెప్పిందంతా నిజమే. వింటే మాత్రం ఎడిటర్‌కే నమ్మబుద్ధి కాలేదు. "వ్యాను సంగతి తర్వాత చూద్దాంలే," అని పెద్దల్లుడు ఫోన్ పెట్టేశాడు.

"గది వచ్చేసినట్టేనా?" అంది భార్య గిన్నెలు తోముతూ.

ఎడిటర్ మళ్లీ గట్టు ముందు కూర్చున్నాడు. అదే సభలో మామగారు హాయిగా నవ్విన షాట్ ఒకటుంది. మొదటి వీడియోలో అత్తగారి మాటల మధ్య తనే పెట్టిన దాన్ని పెరికి పెద్దల్లుడి మాట పక్కన నాటాడు. ఖాళీ అయిన చోట, తొందరలో, చేతికందిన పాత ముఖాన్నే, భోజనాల దగ్గరిదాన్నే, దించాడు. రెండో వీడియో వెళ్లింది. పెద్దల్లుడు మెత్తబడ్డాడు. "వ్యాను తీసుకుని నేనే వస్తున్నా," అన్నాడు.

ఈలోగా అత్తగారు తన ఫోన్ పట్టుకుని గదిలోంచి వచ్చారు. వెనకే మామగారు.

"మా ఆయన నా మాట ఏనాడూ కాదనలేదని నలుగురిలో చెబితే, మూతి తిప్పుతారా?"

"నేనెక్కడ తిప్పానే?"

"ఇదిగో."

మామగారు కళ్లజోడు పెట్టుకుని మళ్లీ మళ్లీ చూశారు. "తిప్పినట్టే ఉంది," అన్నారు. "ఎందుకు తిప్పానబ్బా?"

"నేను పెద్దదాని ఇంటికి పోతాను. ఈయన ఇక్కడే ఉంటారు," అన్నారు అత్తగారు. ఎడిటర్ లెక్కలో సగం గది పోయింది.

పెద్దల్లుడు వచ్చాక, ఇక లాభం లేదని ఎడిటర్ అందరినీ వంటింట్లో నిలబెట్టి, భోజనాల దగ్గర తీసిన కోయని అసలు వీడియో చూపించాడు. తెరమీద మామగారు నాలుకతో పళ్ల సందులు వెతుక్కున్నారు. ఎవరి మాటా వినబడలేదు, పళ్లేల చప్పుడు తప్ప.

"ఓస్, ఇంతేనా," అన్నారు అత్తగారు.

"ఆ నవ్వు కూడా చూపించు తమ్ముడూ," అన్నాడు పెద్దల్లుడు. "అది నా కోసమేగా."

గెలిచిన ఊపులో ఎడిటర్ అదీ నొక్కాడు. పంపిన వీడియోలో అతను తీసేసిన శబ్దం ఇక్కడ అలాగే ఉంది. కెమెరా వెనకనుంచి అతని గొంతే వినిపించింది: "మామయ్యగారూ, కాస్త నవ్వండి. అన్నయ్య మైకుని వదలడు, అత్తయ్యగారు మిమ్మల్ని వదలరు. ఆ ముఖం చూస్తే జనం జాలిపడతారు."

తెరమీద మామగారు పగలబడి నవ్వారు. వంటింట్లో ఉన్న మామగారు దగ్గు తెచ్చుకున్నారు.

పెద్దల్లుడు అత్తగారిని చూశాడు. అత్తగారు పెద్దల్లుడిని చూశారు. "మనలో మనం మాటలనుకోవడం అనవసరం నాయనా," అన్నారావిడ.

"అవునత్తయ్యగారూ. దొంగ దొరికాడు."

అందరూ కలిసిపోయారు కదా, తిడితే తిట్టారనుకున్నాడు ఎడిటర్. "సామాను వ్యానెక్కించమంటారా?" అని అడిగాడు.

"ఎక్కడికి?" అత్తగారు కుర్చీ లాక్కుని కంప్యూటర్ పక్కన వేసుకున్నారు. "మేం అటు పోతే ఇంకెవరి ముఖం ఎవరికి అతికిస్తావో. ఇక్కడే ఉండి చూస్తాను."

"అదే మంచిది. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి," అంటూ పెద్దల్లుడు ఖాళీ వ్యాను వెనక్కి తిప్పుకుపోయాడు.

ఎడిటర్ ఇప్పటికీ వంటింటి గట్టు మీదే పని చేస్తున్నాడు. తెరమీద ఎవరు నవ్వినా, అది ఎవరి మాటకో అత్తగారు అడిగి తెలుసుకుంటారు. చాలాసార్లు అతనికీ గుర్తుండదు.