రాళ్లు లేని రాతియుగం

ఆదిమానవుడికి ఒక భద్రతా కమిటీ ఉండి ఉంటే మనుషులకి ఇన్ని తిప్పలు వచ్చేవి కావు! నోటికొచ్చినట్టు అంటున్న మాట కాదిది. మొన్న ఆదివారం మా పేట స్కౌట్ పిల్లల ‘రాతియుగం డే’ని మొదట్నుంచి చివరిదాకా కళ్లారా చూసి, బాగా ఆలోచించి మరీ అంటున్నాను.

మీరే చెప్పండి, ఆ పాతకాలపు మనిషి చేసిందేమిటి? ఎవర్నీ అడక్కుండా రాయెత్తాడు. హెల్మెట్ లేదు, గ్లౌజుల్లేవు. రాయీ రాయీ కొట్టి నిప్పు పుట్టించాడు. వాళ్లమ్మ సంతకం తెచ్చాడా? లేదు! ఆ ఒక్కడి నిర్లక్ష్యానికి మనమంతా ఈ రోజుకీ పొయ్యి ముందు నిలబడి వంటలు చేసుకుంటూ చస్తున్నాం.

కాబట్టి పిల్లల భద్రతా కమిటీలు మన కాలానికి దొరికిన వరం. కాదనేవాళ్లుంటే విజిల్ పిన్ని సంగతి వినండి.

విజిల్ పిన్ని మా పేటలో టైలరు. వారమంతా మెడలో టేపు, ఆదివారం మాత్రం విజిల్. స్కౌట్ దళాన్ని ఆమే నడుపుతుంది, జీతం గీతం ఏమీ లేదు. ఆమె అక్క కూతురు కూడా ఆ దళంలోనే ఉంది. ఎనిమిదేళ్లది, అందరూ పిడుగు అంటారు. అది పిన్నీ పిన్నీ అని వెంటపడి తిరగడంతో దళం మొత్తానికీ ఆమె పిన్ని అయిపోయింది. ఆఖరికి పిల్లల తాతలు కూడా పిన్నిగారూ అనే పిలుస్తున్నారు.

ఈ పిన్ని ఒక ఘోరం చేసింది. పిల్లలకి మాటిచ్చింది!

“ఈసారి మీ చేతుల్తో మీరే రాళ్లు కొట్టి నిప్పు పుట్టిస్తారు. ఒట్టు,” అంది.

అంతే, పిల్లలకి తిండి సయించడం మానేసింది. పిడుగైతే అన్నం ముందు కూర్చుని చెంచాకి చెంచా కొట్టి చూసుకునేది. వాళ్లమ్మ ఆ చెంచాలు లాక్కుంటే వీధిలోకెళ్లి గులకరాళ్లు ఏరుకొచ్చి దిండు కింద దాచింది. ఇలాంటి ఉత్సాహం పిల్లల ఆరోగ్యానికి ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

అదృష్టవశాత్తూ మనకి కమిటీ ఉంది. పళ్ల డాక్టరుగారు అధ్యక్షులు. ఆయన క్లినిక్‌లో, పేషెంట్లు దవడలు పట్టుకుని కూర్చునే బెంచీల మీదే మీటింగు జరిగింది.

“ముందు రాళ్ల సంగతి చూద్దాం. అసలు రాళ్లెందుకండీ?” అన్నారు డాక్టరుగారు.

“రాతియుగం కదండీ,” అంది పిన్ని.

“యుగం ఉండనివ్వండి. రాళ్లు తీసేద్దాం.”

ఎంత చక్కటి పరిష్కారం! రాయి తగిలితే పన్ను ఊడుతుంది, యుగం తగిలితే ఊడదు. రాళ్లకి బదులు స్పాంజి ముక్కలకి బూడిదరంగు గుడ్డ కుట్టి పంచాలని తీర్మానించారు. కుట్టేదెవరు? ఇంకెవరు, పిన్నే! కుట్లు పైకి కనపడితే సహజంగా ఉండదని కమిటీ సభ్యురాలు ప్లీడరమ్మగారు ముందే హెచ్చరించారు.

ఇక అక్కణ్ణుంచి కమిటీ వెనక్కి తిరిగి చూసుకోలేదు. గుహలో చీకటిగా ఉంటుంది, పిల్లలు జడుసుకుంటారు. అందుకని గుహకి గోడలూ పైకప్పూ తీసేశారు. మిగిలింది నేలమీద సున్నంతో గీసిన ఒక గుండ్రటి గీత. వేటంటే హింస. అందుకని పాత పరుపుకి తొండం కుట్టించి ఒక అడవి ఏనుగుని తయారుచేశారు, పిల్లలు వరసగా వెళ్లి దాని బాగోగులు కనుక్కుని రావాలి. గడ్డిలో పురుగులుంటాయి గనక మైదానం అంతా తివాచీలు. పులిచర్మం బట్టల మీద మెరిసే పసుప్పచ్చ జాకెట్లు, మోకాళ్లకి ప్యాడ్లు, మెడలో బ్లడ్ గ్రూపు కార్డులు. ఆదిమానవుడు తప్పిపోతే ఎవరు వెతుకుతారండీ?

చివరికి నిప్పు దగ్గరకొచ్చారు. పిన్ని లేచి నిలబడింది.

“మిగతావన్నీ మీ ఇష్టం సార్. నిప్పొక్కటీ వదిలెయ్యండి. పక్కన బకెట్టుతో నీళ్లు పెట్టుకుంటాను. ఒక్కొక్కళ్లనే పిలిచి, చెయ్యి పట్టుకుని చేయిస్తాను. మాటిచ్చానండీ పిల్లలకి.”

“బకెట్టా! అందులో పడితే?” అన్నారు డాక్టరుగారు.

“చెయ్యి పట్టుకోవడానికి వేరే పర్మిషన్ కావాలమ్మా,” అన్నారు ప్లీడరమ్మగారు.

నిప్పు బాధ్యత డాక్టరుగారే తీసుకున్నారు. ఒక టేబుల్ ఫ్యాను, దాని మీద నారింజరంగు సిల్కు గుడ్డ, లోపల పెద్ద బల్బు. స్విచ్ వేస్తే గుడ్డ రెపరెపలాడుతుంది. చూడ్డానికి అచ్చం మంటే. పొగ లేదు, వేడి లేదు, పుట్టించే శ్రమ అంతకంటే లేదు!

పిన్ని ఇంటికెళ్లి మిషను ముందు కూర్చుంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. ఏడుస్తూనే స్పాంజి రాళ్లు కుట్టింది. పిడుగు ఒక రాయి తీసి నొక్కి చూసింది.

“ఇవి కొడితే నిప్పొస్తుందా పిన్నీ?”

“రాదే.”

“మరి ఒట్టేశావుగా?”

పిన్ని దారం పంటితో పట్టుకుని ఇంకో రాయి అందుకుంది. నోట్లో దారం ఉన్నప్పుడు మాట్లాడకూడదు, ప్రమాదం. చూశారా, ఆమెకి కూడా కమిటీ అలవాట్లు అబ్బుతున్నాయి!

ఆదివారం పొద్దున్నే కార్యక్రమం దివ్యంగా మొదలైంది. పిల్లలు గీతలోపల కూర్చుని స్పాంజి రాళ్లు కొట్టారు. పిడుగు పళ్లు బిగబట్టి, చెమటలు కారేలా కొట్టింది. చప్పుడు కూడా రాలేదు. ఇంతలో డాక్టరుగారు స్విచ్ వేసి, “పుట్టింది, పుట్టింది! చప్పట్లు కొట్టండర్రా!” అని అరిచారు.

“మేం కొట్టడం అవనేలేదుగా అంకుల్?” అంది పిడుగు. ఆ ప్రశ్న కార్యక్రమంలో లేదు గనక చప్పట్లతోనే సరిపెట్టారు.

సాయంత్రం కమిటీ గ్రూప్ ఫోటో. సభ్యులంతా పిల్లలకి వీపుపెట్టి వరసగా నిలబడ్డారు. తీసేదెవరు? పిన్నే! “మంట కూడా పడాలమ్మా,” అన్నారు డాక్టరుగారు. పిన్ని ఫోను పైకెత్తి చూసింది. ఫోటోలో మంట బ్రహ్మాండంగా పడింది. పొగతో సహా పడింది.

పొద్దుట్నుంచీ వెలుగుతున్న బల్బు దగ్గర వైరు కాలి, సిల్కు గుడ్డ అంటుకుంది. పక్కనే స్పాంజి రాళ్ల కుప్ప. రాతియుగంలో నిజంగానే నిప్పు పుట్టింది!

పిల్లలు పరిగెత్తారనుకున్నారా? ఎందుకు పరిగెడతారు? మంటంటే ఊగే గుడ్డ అని పొద్దుట్నుంచీ చెబుతున్నాం కదా. అందరూ చేతులు చాచుకుంటూ దాని దగ్గరికే నడిచారు. ఒకడు ఊదాడు. ఇంకొకడు తాపీగా, “దీనికి స్విచ్ ఎక్కడుందర్రా?” అని వెతుకుతున్నాడు. పిడుగు వేలు పెట్టింది.

పిన్ని ఫోను విసిరికొట్టి, ఊపిరంతా కూడదీసుకుని విజిల్ ఊదింది. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. రెండు చేతులకీ దొరికినవాళ్లని దొరికినట్టు వెనక్కి లాగేసింది, ప్లగ్గు పీకింది. నీళ్లు? బకెట్టు కమిటీ వద్దంది. మంటలార్పే సిలిండరు? పిల్లలకి అందకుండా డాక్టరుగారి కారు డిక్కీలో ఉంది, తాళాలు ఎవరి దగ్గరున్నాయో వెతుక్కుంటున్నారు. పిన్ని తివాచీ లాగి పారేసింది. కింద మట్టి కనపడింది. దోసిళ్లతో ఎత్తిపోసింది. అది చూసి పిల్లలూ దూరం నుంచే గుప్పిళ్లతో మట్టి విసిరారు. మంట ఆరేసరికి కమిటీవారి తెల్లచొక్కాలన్నీ మట్టికొట్టుకుపోయాయి.

వెంటనే అత్యవసర సమావేశం పెట్టారు. తప్పంతా రాతియుగానిదేనని తేల్చారు. పిల్లలెవరికీ ఏమీ కాలేదు గనక కమిటీ నూటికి నూరుపాళ్లూ విజయం సాధించిందని ప్లీడరమ్మగారు చదివి వినిపించారు. పిడుగు ఆ సేపంతా పిడికిలి బిగించుకునే కూర్చుంది.

ఇంటికెళ్లే దారిలో తెరిచి చూపించింది. చూపుడువేలి కొన మీద చిన్న బొబ్బ.

“కాలుతుంది పిన్నీ,” అంది, గొప్ప రహస్యం కనిపెట్టినదానిలా. “నిజంగానే కాలుతుంది!”

పిన్ని ఆ వేలు పట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

అయ్యా కమిటీవారూ, మీ సేవకి నా జోహార్లు. నిప్పు కాలుతుందని పిల్లకి చెప్పడానికి పిన్ని అడిగింది ఒక బకెట్టు నీళ్లు, చెయ్యి పట్టుకునే అనుమతి. రెండూ ప్రమాదమన్నారు. ఆ చెప్పే పనేదో చివరికి మీ కాలిన వైరుకి అప్పగించారు. మీకు నాదొక్కటే మనవి. వచ్చే ఏడు గ్రూప్ ఫోటో పొద్దున్నే మొదలుపెట్టండి. సాయంత్రం దాకా కెమెరా వైపే చూస్తూ నిలబడండి. ఫోటో తియ్యడానికి మాత్రం పిన్నిని పిలవకండి, ఆమెకి వెనకాల పిల్లలతో పనుంది.