వానమిషనుకి తలంటు

పావని మేడమ్ వస్తోందని పొద్దున్నే కబురు రాగానే భీముడు చీపురందుకున్నాడు. చుట్టం గుమ్మంలో అడుగుపెట్టేలోగా వాకిలి అలికి, కంటికి కనిపించిన సామానల్లా కడిగేయడం ఆ కొండమీద అందరి అలవాటు. విశాఖపట్నం నుంచి వచ్చి అతని కాఫీతోటలో వాన కొలిచే మిషను పాతించింది ఆ మేడమే. ఎంత వాన పడితే ఊరి పక్క పారే గెడ్డ ఎవరి కొంప ముంచుతుందో ఆమె కంప్యూటర్ లెక్కగట్టి చెబుతుంది. అలాంటి మిషను గరాటులో ఎండాకులుంటే పరువేం కాను! కుంకుడు రసంతో రుద్ది, బిందె మీద బిందె కుమ్మరించాడు.

"మిషనుకి నీళ్లెందుకు పోత్తన్నావు?" అంది భార్య నీలవేణి.

"వాన నీళ్లు తాగేదానికి బిందె నీళ్లు పడవేటి? నాకు తెలీదేటి! నువ్వూరుకో."

చేతులు తుడుచుకుంటుండగానే ఊళ్లో ఫోన్లన్నీ మోగాయి. గెడ్డ పొంగుతుంది, జాగ్రత్త అని మేడమ్ కంప్యూటర్ పంపిన మెసేజి. ఊరిపెద్ద సోములు నుదుటికి చెయ్యడ్డం పెట్టి పైకి చూశాడు. "ఎండ మాడ్చేత్తంది. వానేటి, గీనేటి?"

భీముడికి పౌరుషం పొడుచుకొచ్చింది. "మేడమ్ కంప్యూటర్‌కి రేపటి సంగతి కూడా తెలుసు! కల్లాల్లో కాఫీ తడిసిందంటే ఏడాదంతా ఏటి తింటాం? బేగి ఎత్తండి!"

ఆ మాటతో అందరూ కల్లాల మీద పడ్డారు. ఏడాది తిండి ఆరబెట్టిన ఆ గింజల్లోనే ఉంది. పట్టాలు చుట్టారు, బస్తాలు కట్టారు, ముసలాళ్లని వీపునెక్కించుకున్నారు, గెడ్డ పక్కనున్న కొత్త కమ్యూనిటీ హాలులోకి పరుగో పరుగు. ఊళ్లో గట్టి కట్టడం అదొక్కటే మరి. సోములు కోళ్లగంప కూడా వదల్లేదు.

అంతలో పావని ఫోన్ చేసింది. "భీముడు గారూ, అందరూ క్షేమమేనా? అక్కడ కుంభవృష్టట కదా!"

"వాన ఇంకా రాలేదు మేడమ్. వత్తాదని మీ కంప్యూటరే కదా చెప్పింది? మేం తయారుగా ఉన్నాం."

"కంప్యూటర్‌కి చెప్పింది మీ మిషనేనండీ! పొద్దున్న దాన్ని ముట్టుకున్నారా?"

"ముట్టుకోడమేటి, తలంటే పోశాను."

ఫోను స్పీకర్లో ఉంది. హాలంతా విన్నది. భీముడికి సిగ్గుతో తల తీసేసినట్టయింది. సోములు తలపాగా విప్పి నేలకేసి కొట్టాడు. "నా నడుం ఇరగ్గొట్టావు కదరా! ఆ మిషను పీకి గెడ్డలో పారెయ్యండి!"

"ఆగండాగండి!" అంది పావని. "ఇంతకీ ఇప్పుడు మీరంతా ఎక్కడున్నారు?"

"గెడ్డ పక్క కొత్త హాల్లో."

అవతల పావని కంప్యూటర్ మీటలు టకటకలాడాయి. "నా లెక్కలో అన్నిటికంటే ముందు మునిగింది ఆ హాలే. వానొస్తే మీరంతా అక్కడికే పరిగెత్తుతారని నాకు తట్టనే లేదు."

సోములు కిటికీలోంచి గెడ్డ వైపు చూశాడు. అమ్మో, నిజం వానే అయ్యుంటే! నేలకేసి కొట్టిన తలపాగా తీసి దులిపాడు. "మరి మునగని కొంప ఏది తల్లీ?"

"పైన భీముడు గారిది."

తుపాన్ల కాలం పోయేదాకా రోజూ ఎండ దిగ్గానే బస్తాలన్నీ అక్కడికే అని సోములు అక్కడికక్కడే తేల్చేశాడు. మొదటి బస్తా భీముడి వీపునే పెట్టించాడు. సాయంత్రం పావని జీపు దిగేసరికి ఊరందరి కాఫీ భీముడి ఇంట్లో భద్రంగా ఉంది. భీముడూ నీలవేణీ మాత్రం బయట ఉన్నారు.