ఆకుపచ్చ సముద్రం

మన సముద్రంలో ప్లవకాలు పుష్కలంగా ఉన్నాయని సముద్ర పరిశోధన కార్యాలయం రెండో అంతస్తులో, ఒక సోమవారం ఉదయం పదకొండున్నరకు, ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ సమాచారం ప్లవకాలకు మాత్రం అందలేదు.

ప్లవకాలంటే నీటివాలున కొట్టుకుపోయే సూక్ష్మజీవులు. వాటిని తిని చేపలు బతుకుతాయి, చేపల్ని పట్టి మనుషులు బతుకుతారు. అంత అడుగున ఉండేవాటిని గురించి పై అంతస్తులో ఆలోచించడం అదే మొదటిసారి.

కింది అంతస్తు చివరి గదిలో, చేతులు కడుక్కునే తొట్టి పక్కన, ఒకావిడ పందొమ్మిదేళ్లుగా సముద్రపు నీటిని చుక్కచుక్కగా సూక్ష్మదర్శిని కింద పెట్టి వాటిని లెక్కపెడుతోంది. ఆఫీసులో అందరూ ఆవిడను చుక్కలమ్మ అంటారు. ప్రపంచంలో ఏ సముద్రంలో ఏ ప్లవకాలుంటాయో ముఖ్యంగా తేల్చేది నీటి వేడేననీ, ప్రవాహాలూ వెలుతురూ పోషకాలూ ఆ తర్వాతేననీ ఆవిడ నివేదిక రాసింది. మన నీళ్లు వేడెక్కాయి. పైన వేడినీరు మూతలా పరుచుకుంటే అడుగునున్న పోషకాలు పైకి రావు. పుష్టిగల ప్లవకాలు పోయి నలుసుల్లాంటివి మిగిలాయి. చేపలూ తరలిపోతున్నాయి. దీనికి ఒక పటం కూడా జతచేసింది. పుష్టిగల ప్లవకాలున్నచోట ఆకుపచ్చ, లేనిచోట తెలుపు. మన వాటా తెల్లగా ఉంది.

డైరెక్టరుగారు నివేదిక చదవలేదు, పటం చూశారు. పక్కవాళ్లది పచ్చగా ఉండి మనది వెలవెలబోతుంటే పైవాళ్లకు ఏ మొహం పెట్టుకుని చూపించాలని బాధపడి, ఏడుగురు నిపుణులతో సంఘం వేశారు. ప్లవకాల్ని ఎన్నడూ చూడనివాళ్లను ఏరి వేయడంవల్ల సంఘం నిష్పాక్షికత మీద ఎవరికీ అనుమానం రాలేదు. సరైన వసతులు లేకే అవి వెళ్లిపోయాయా అని ఒకరు ఆరా తీశారు. కొన్నింటిని బదిలీమీద రప్పించవచ్చు కదా అన్నారు ఇంకొకరు. అందరికన్నా పెద్దాయన, కంటికి కనబడనివాటిని లేవని ఎలా చెబుతారని నిలదీశారు. ఆ ప్రశ్నతో చర్చ ముగిసింది. ‘వేడి’ అన్నచోటల్లా ‘అనుకూలమైన వెచ్చదనం’ అని దిద్దారు. మన సముద్రానికి, పక్కవాళ్లకంటే కాస్త ముదురుగా, ఆకుపచ్చ పూయించారు.

వివరాలకని పిలిపించిన చుక్కలమ్మ లేచి నిలబడింది.

“అయ్యా, ఈ పటం చూసుకుని పడవలు వెళతాయి. రంగంటే మీ చేతిలో ఉంది గానీ, నీళ్లు మీ చేతిలో లేవు కదా.”

ఆవిడ ఆవేదనను నమోదు చేసుకున్నారు. కళ్లు అలిసిపోయి ఉంటాయన్న సానుభూతితో సూక్ష్మదర్శినిని సందర్శకుల గదిలో అద్దాల బీరువాలో పెట్టించి, ఆవిడకు పటాలమీద ముద్రలు వేసి ఇచ్చే తేలిక పని అప్పగించారు. ఇల్లు గడవాలి కనుక ఆవిడ ముద్రలు వేసింది.

పటం ఆవిష్కరణకు రేవులోని పడవల వాళ్లందరినీ పిలిచారు. “ప్లవకాల విషయంలో మనం ఇక ఎవరికీ తీసిపోం” అని డైరెక్టరుగారు ప్రకటించారు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

మర్నాడు ఒక సరంగు పటం కోసం వచ్చాడు. పడవ నడపడంలో ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్నవాడు. చుక్కలమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

“అన్నా, అటు వెళ్లకండి. అక్కడేం లేదు.”

సరంగు పటాన్ని తిప్పి చూశాడు. “ముద్ర వేసింది మీరేగా అమ్మా?”

అతను పటం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు.

ముదురు ఆకుపచ్చ ప్రాంతంలో నాలుగు రోజులు వల వేశారు. జెల్లీచేపలు పడ్డాయి. ఇంకాస్త ముందుకెళ్లారు. డీజిలు అయిపోయింది, తర్వాత మంచినీళ్లు అయిపోయాయి. పదకొండో రోజున ఒక సరుకుల ఓడ వాళ్లను చూసింది. పడవలోని ఆరుగురిలో ఐదుగురు తిరిగొచ్చారు. సరంగు తమ్ముడు దాహానికి తట్టుకోలేక ఉప్పునీళ్లు తాగి, దారిలోనే పోయాడు.

విచారణ జరిపించారు. పటంలో దోషం లేదనీ, పడవవాళ్లు పటంపట్ల తగినంత విశ్వాసం చూపలేదనీ తేలింది. చుక్కలమ్మ సరంగు ఇంటికి వెళ్లింది. కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు. ఆ గ్లాసు ఆవిడ తాగలేకపోయింది.

ఆ ఏడే పటాన్ని ఏడో తరగతి పాఠ్యపుస్తకంలో చేర్చారు. పరీక్షకు ముందు చుక్కలమ్మ కూతురు రంగు పెన్సిళ్లు ముందేసుకుని, మన సముద్రానికి ఏ రంగు వెయ్యాలని అడిగింది. తల్లి వాటిలోంచి ఒకటి ఏరి పిల్ల చేతిలో పెట్టింది.

“ఆకుపచ్చ వెయ్యి. గట్టిగా రుద్దు” అంది.

మా అమ్మాయిదీ అదే తరగతి. నలభై ఒక్కమందిలో నలభైమందికి పూర్తి మార్కులు వచ్చాయి. సరంగు తమ్ముడి కూతురు మాత్రం సముద్రాన్ని తెల్లగా వదిలేసింది. సున్నా వచ్చింది. ఇలాంటి పిల్ల పక్కన కూర్చుంటే మా పిల్లల చదువులు ఏం కావాలని తల్లిదండ్రులందరం కలిసి ఒక అర్జీ పెట్టుకున్నాం. హెడ్మాస్టరుగారు సహృదయులు, ఆ పిల్లను వెనక బల్లమీదకు మార్చారు. అర్జీ రాసింది నేనే. భాష చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు.